శిలయు ఋతువులును



రాతిని స్థిరత్వమునకు ఉపమానముగా వాడుట మనకు పరిపాటి. రాళ్ల నడుమ జీవితము గడపిన నేను మాత్రము, ఏ రాయియు తన ఋతువులను మీఱి నిలువదని నేర్చికొంటిని.

హైదరాబాదు పొలిమేరలలోని గ్రానైటు గుండ్లను చూడుడు. దాదాపు 250 కోట్ల ఏండ్ల ప్రాయముగల ఆ శిలలోనికి, మట్టి మాటుననే, నెఱియల వెంట వాననీరు దిగి, మన ఉష్ణమును తోడు చేసికొని, అందలి ఫెల్స్పారను ఖనిజమును మెల్లమెల్లగా సుద్దగా మార్చును. మూలలు ముందుగా అరిగి, బండ గుండ్రనై, ఉల్లిపొరలవలె పెచ్చులూడును. మొక్కవోని పలుగురాతి రేణువులు అడుగున రాలి, మనము మొరమని పిలుచునదగును. పైమట్టి కొట్టుకొనిపోయిన పిమ్మట గుండు బయల్పడును. ఆ జాతి శిలయే లడఖ్‌లో నున్నచో దాని గతి వేఱు: పగలు పగుళ్లలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి, సుమారు 9 శాతము ఉబ్బి, శిలను చీల్పగా, వాడి అంచుల ముక్కలు వాలులపై పేరుకొనును. వానలధికమగు తూర్పు కనుమల నెత్తములపై, ఖొండలైటను శిల నుండి జలము సిలికాను సైతము కడిగివేయగా, మిగిలినది బాక్సైటు.

ఒకే రాయి తావు మారినను దాని గతి మారును. క్రీ.పూ. 15వ శతాబ్దిలో ఈజిప్టు రాజగు మూడవ థుట్మోస్ హీలియోపొలిస్‌లో నిలిపిన గ్రానైటు స్తంభమొకటి 1881లో న్యూయార్కునందు ప్రతిష్ఠింపబడెను. ఈజిప్టు పొడిగాలిలో వేలయేండ్లు చిత్రలిపిని నిలుపుకొన్న ఆ రాయి, కొత్త ఊరి తేమకు, మంచునకు పెచ్చులూడ మొదలిడగా, 1885లో దానికి పారఫిన్ మైనము పట్టింపవలసివచ్చెను. పూర్వము నేలకొరగి పడియున్న కాలమున లోనికెక్కిన ఉప్పు, ఎండుగాలిలో నిద్రించి, తేమ తగిలినంతనే మేల్కొనెనని శాస్త్రజ్ఞులు తలంచిరి.

స్నాతకులారా, రేపు మీలో కొందఱు న్యాయాసనములపై, కొందఱు వైద్యశాలలలో, కొందఱు బడులలో మనుష్యులను తూచు పనికి పూనుకొందురు. ఒకడు క్రుంగినట్లు కనబడినపుడు, వాని గట్టితనమును మాత్రమే పరీక్షింపక, వానిపై కురిసిన వానలెట్టివో, ఏ ఉప్పు ముందే లోనికెక్కెనో విచారింపుడు. శైథిల్యమెల్ల వినాశమని తొందరపడకుడు. బండ చెడినదని మనము పెదవి విఱుచు తావుననే, ఆ మొరము ఇంకను మెత్తబడి చెలకయై యుండగా, పాలమూరు రైతు అందులో జొన్నలు చల్లుచున్నాడు.