రంగుగుండ్ల యాట: తొలినాఁడు తెలియవలసినవి



ముప్పదియైదేండ్లు బడిలో విభక్తులును సమాసములును జెప్పి విశ్రాంతి గైకొన్న ముసలి పంతులు తుపాకి యాటను గుఱించి ప్రసంగించుట విని మీలోఁ గొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుఁడు, కాని తుదిదాఁక వినుఁడు. గడచిన వేసవిలో నా మనుమఁడు స్నేహితులతోఁ గూడి హైదరాబాదు పొలిమేరలోని యొక క్రీడాస్థలమునకుఁ బోవుచు, "తాతయ్యా, నువ్వూ రా" యని నన్ను లాగికొని పోయెను. చూడఁబోయిన వాఁడను ఆడి వచ్చితిని. ముందే తెలిసియున్న బాగుండెడిదని యానాఁడు నాకుఁ దోఁచిన సంగతులను, తొలిసారి యాడఁబోవు వారికి మనవి చేయుదును.

పెయింట్‌బాలు అను నీ యాటకుఁ బుట్టినిల్లు అమెరికా. అచ్చట అడవిలోని చెట్లకును మందలోని పశువులకును దూరమునుండి గుర్తు పెట్టుటకై రంగుగుండ్లను విసరు పిస్తోలొకటి వాడుకలో నుండెను. 1981 జూను 27 వ తేదీన న్యూహాంప్‌షైరు రాష్ట్రమునందలి హెన్నికరు గ్రామము చెంత, పండ్రెండుగురు ఆ పిస్తోళ్లు చేపట్టి, అడవిలో జెండాలను సేకరించు పందెము వేసికొనిరి. గెలిచినవాఁడు అడవులే వృత్తిగాఁ గలవాఁడు. ఆతఁడు ఒక్క గుండునైనఁ బేల్చలేదు! క్రొత్తవారు నేర్వవలసిన తొలి పాఠ మిదియే. గుఱికంటె నోర్పును, చప్పుడుకంటె నడకయు ఈ యాటలో మిన్న.

గుండు సుమారు 17 మిల్లీమీటర్ల వ్యాసము గలది. బరువు 3 గ్రాములు. మందుల గొట్టములకు వాడు జెలటినే దీని పెంకు. లోపలి రంగు నీటఁ గడిగినఁ బోవును. మన పెద్దలు వసంతోత్సవములందుఁ జిమ్మనగ్రోవులతో రంగునీళ్లు చల్లుకొన్నట్లే యిదియు నొక వేడుక యని నేను దలంచితిని. అది పొరపాటు. చిమ్మనగ్రోవి నీరు తడుపును. ఈ గుండు కొట్టును. మార్కరు అను నీ తుపాకిలోఁ గుదించిన గాలి గుండును సెకనునకు 280 అడుగుల వేగముతోఁ బంపఁగలదు. 300 అడుగులకు మించరాదని సామాన్య నియమము. అనఁగా గంటకు 300 కిలోమీటర్లకుఁ బైమాట. దుస్తులపైఁ దగిలిన చుఱుక్కుమని, కమిలి, నాలుగుదినములలో మానును. కంటికిఁ దగిలెనా, చూపు పోవును.

ఇచ్చట నా కథ యొకటి చెప్పక తప్పదు. చాలయేండ్ల క్రిందట మా బడి యావరణమున బాలురు బిళ్ళంగోడు ఆడుచుండఁగా నేను వసారాలోఁ గూర్చుండి పరీక్షపత్రములు దిద్దుకొనుచుంటిని. బిళ్ళ యెగసి, మిక్కిలి దగ్గఱగా నిలిచియున్న పిల్లవాని కంటికిఁ దగిలెను. ఆ కన్ను మఱి వెలుఁగు చూడలేదు. "దూరముగా నిలువుఁడు" అని యొక్కమాట నేను జెప్పియుండవచ్చును. చూచుచునే చెప్పనైతిని. ఆ చెప్పని మాటయే నేఁడు మీకుఁ జెప్పుచున్నాను.

ఆటస్థలమున నడుగు పెట్టినది మొదలు వల యవతలికి వచ్చువఱకు ముఖమునుండి మాస్కు తీయరాదు. ఇది యెల్లరు నెఱిఁగిన నియమమే. ఎఱిఁగియు నేల తప్పుదురు? ఆవిరివలన. నాకు నదియే సంభవించెను. ఉక్కపోత, పరుగు, లోపల నా కండ్లద్దములు. రెండు నిమిషములలో నంతయుఁ దెల్లని మంచు. ఆలోచనయే లేక నా చేయి మాస్కు మీఁదికిఁ బోయెను. "తాతగారూ, చేయి దింపండి! మాస్కు తీయకండి!" అని రెఫరీ కేక వేసెను. ఆ క్షణముననే యొక గుండు నా ప్రక్కనున్న పీపాపైఁ బగిలెను. ఆయన నా చేయి పట్టుకొని, మాస్కుతోడనే నన్ను వల వెలుపలికి నడిపించెను.

కావున అద్దము మసకబాఱినపుడు కూర్చుండుఁడు, చేయి యెత్తుఁడు, రెఫరీని బిలువుఁడు, గ్రుడ్డివానివలె నడచియైన వెలుపలికి వచ్చి యపుడు తుడుచుకొనుఁడు. కండ్లద్దములు గలవారు వానిపై నిముడునట్టి మాస్కును, దొరకినచో రెండు పొరల యద్దము గలదానిని, అడిగి తీసికొనవలయును. ఈతకొలనికిఁ గాని పనివాండ్రకుఁ గాని చేసిన యద్దములు దీనికిఁ బనికిరావు.

తక్కినవి క్లుప్తముగాఁ జెప్పెదను. చేతులు, కాళ్లు, మెడ కప్పునట్టి వదులైన దుస్తులు తొడుగుఁడు. జాఱని బూట్లు వేసికొనుఁడు. ఆట నడుమ లేనప్పుడు గొట్టపు మూతికి సంచి తొడిగి యుంచుఁడు, మీటపై వ్రేలు పెట్టకుఁడు, గొట్టములోనికిఁ దొంగిచూడకుఁడు. నేలఁబడిన గుండ్ల నేఱి మరలఁ బోయకుఁడు. తేమకుబ్బి, మట్టియంటి, గొట్టములోనే పగులును. చాటునుండి తల పైకెత్తి కాక ప్రక్కనుండి చూడుఁడు.

ఇఁక ధర్మము. గుండు తగిలి పగిలి మచ్చ పడినచో, చేయి యెత్తి, తగిలినదని పలికి తొలఁగవలయును. ఆ మచ్చను రహస్యముగాఁ దుడుచుకొను వాఁడు ఆట గెలువవచ్చును గాని తోడివారి మన్ననను గోల్పోవును. చేయి యెత్తిన వానిని మరలఁ గొట్టరాదు. అతిసమీపమున దొరకిన వానిని గొట్టక, లొంగుమని యడుగుట పెక్కుచోట్ల మర్యాద. ఆయుధము విడిచినవానిని గొట్టరాదని కురుక్షేత్రమున నిరుపక్షములవారును ముందుగా నొడంబడిక చేసికొనిరి. ఆ నియమములు చెడినవెనుకఁ గలిగిన యనర్థము మనమెల్లర మెఱిఁగినదే.

అభిమన్యుఁడు పద్మవ్యూహమును జొచ్చుట నేర్చెను, వెలువడుట నేర్వఁడయ్యెను. మీరు చొచ్చుటకు ముందే వెలువడు త్రోవ యెక్కడనో, పిలిచినఁ బలుకు రెఫరీ యెవరో తెలిసికొనుఁడు. ఆడుఁడు, నవ్వుఁడు, రంగులు పూసికొనుఁడు. పోయినట్లే రెండు కన్నులతో నిల్లు చేరుఁడు.