సదస్సుకు ఒక ప్రశ్న కావాలి

సాహిత్యం, చరిత్ర, భాషాశాస్త్రం చదివేవారి కోసం మన విశ్వవిద్యాలయాలు జరిపే సదస్సుల గురించి నాలుగు మాటలు చెబుతాను. ఈ సదస్సులకు అంశం ఉంటోంది, ప్రశ్న ఉండటం లేదు. ‘సాహిత్యం, మానవ విలువలు’ వంటి పేరు పెడితే ఎవరి దగ్గరున్న వ్యాసమైనా అందులో ఇముడుతుంది. రెండు రోజులు, మనిషికి పది నిమిషాలు, చర్చకు వేళ లేదు, చివర ధ్రువపత్రం. దీనికి అధ్యాపకులను తప్పుపట్టలేం. 2010లో యూజీసీ తెచ్చిన నిబంధనలు పదోన్నతికి మార్కుల లెక్క పెట్టాయి. పత్ర సమర్పణకు అంతర్జాతీయ సదస్సైతే ఎక్కువ మార్కులు, స్థానికమైతే అన్నిటికన్నా తక్కువ. తర్వాత నిబంధనలు మారినా అలవాటు మిగిలింది. మన ఊళ్ల గురించి లోతుగా ఆలోచించడానికి అతి తక్కువ విలువ కట్టిన లెక్క అది.

సభ ఎలా ఉండాలో మన జిల్లాలే ఒకప్పుడు చూపించాయి. 1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన జరిగింది. అది పండితుల సదస్సు కాదు, నిజమే. కానీ వచ్చినవాళ్లందరి ముందూ ప్రధానంగా ఉన్నది ఒకే ప్రశ్న: ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం కావాలా? బాపట్లలో అది తేలలేదు. సందేహాలున్నవాళ్లు వాటిని చెప్పారు, ప్రజాభిప్రాయం కూడగట్టే పని మొదలైంది, మరుసటి ఏడు విజయవాడలో న్యాపతి సుబ్బారావు అధ్యక్షతన మళ్లీ కూడి తీర్మానించారు. తేలని ప్రశ్నను మరుసటి ఏటికి మోసుకుపోవడమే ఆ సభ బలం. మన సదస్సుల్లో ఏ ఏటి పత్రాలు ఆ ఏటితోనే ఆగిపోతాయి.

మరి ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి ఒక పూటలో చేరగలిగే నిజాంపట్నాన్నే తీసుకుందాం. డచ్చివారు 1606లో అక్కడ వర్తకశాల పెట్టారు. వాళ్ల రాతల్లో పేటపోలిగా కనిపించేది ఈ ఊరే. 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషు వర్తకులు ముందు అక్కడ ఆగి, ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్లారు. 1931లో చరిత్రకారుడు మోర్లాండ్ సంపాదకత్వంలో గోల్కొండ రాజ్యం గురించిన మూడు వృత్తాంతాలు ఒక సంపుటంగా వచ్చాయి. వాటిలో ఒకటి నిజాంపట్నంలో పనిచేసిన డచ్చి ఉద్యోగి పేరు చెప్పకుండా రాసింది. అదే సంపుటంలోని ఇంగ్లీషు వర్తకుడు మెత్‌వోల్డ్ రచన ఆ తీరంలో దొరికే మేలురకం చిరివేరును ప్రస్తావిస్తుంది. బట్టల మీద చెరగని ఎరుపు అద్దిన వేరు అది. దాన్ని ఎవరు తవ్వారు, ఎవరి చేతులు అద్దాయి, ఆ పనివాళ్ల మాటలు నేటి మాండలికంలో ఏమైనా మిగిలాయా? చరిత్రకారుడు ఒక్కడే దీనికి జవాబు చెప్పలేడు. డచ్చి చదవగలిగినవారు, గోల్కొండ ఫర్మానాల పారశీకం తెలిసినవారు, శాసనాలు చదివేవారు, రేవులో జాలర్ల మాట వినగలిగిన భాషావేత్త, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. దగ్గర్లోని భట్టిప్రోలు సంగతి చూడండి. 1892లో స్తూపాన్ని తవ్వి ధాతు కరండాలు బయటికి తీసినవాడు పురావస్తు శాస్త్రవేత్త రీ, వాటిమీది లిపిని చదివినవాడు లిపి పండితుడు బ్యూలర్. వాళ్లిద్దరి పనీ కలిస్తేనే మన లిపి చరిత్రకు ఆ ఆధారం దక్కింది.

సదస్సును ఇలా ఒకే ప్రశ్నకు ఇరుకు చేస్తే కొత్త పరిశోధకులకు చోటు పోతుందని కొందరంటారు. ఆ భయాన్ని తోసిపుచ్చను. పల్లెటూరి కళాశాల నుంచి వచ్చిన విద్యార్థినికి వేదిక ఎక్కడమే పెద్ద సంగతి. అయితే ఆ పది నిమిషాల్లో ఆమెకు దక్కేదేమిటి? ఎవరూ ప్రశ్న వేయని పత్రం ఆమెను ముందుకు నడిపించదు. ఇరవైమంది ముందే చదువుకొచ్చి గంటసేపు వాదిస్తే, ఆమె పరిశోధన నిలబడుతుంది. ‘ఇది చరిత్ర, సాహిత్యం వాళ్లకేం పని’ అనేది మరో అభ్యంతరం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం రైతుల నోటి మాటలు ఊరూరా సేకరించి కట్టింది. పనివాళ్ల పదాలు తెలియకుండా కథలోని పల్లెను చదవగలమని నేను అనుకోను. తెనాలి ప్రాంతం నుంచి వచ్చిన కొడవటిగంటి కుటుంబరావును బోధించే శాఖకు తన చుట్టూ ఉన్న సమాజపు ఆర్థిక చరిత్ర బయటి విషయం ఎలా అవుతుంది?

విదేశీ భాషల మూలాలు ఎవరు చదువుతారన్న ప్రశ్న అన్నిటికన్నా గట్టిది. దానికి జవాబు వేర్వేరు దేశాల నుంచి ఈ ఆన్‌లైన్ సమావేశంలో చేరిన మనలోనే ఉంది. డచ్చి కంపెనీ పత్రాలు హేగ్‌లోని జాతీయ అభిలేఖాగారంలో, ఇంగ్లీషు కంపెనీ పత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ దేశాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో ఆ భాషలు వచ్చినవాళ్లూ, అక్కడి బడుల్లో చదివే పిల్లలూ ఉన్నారు. మనం జ్ఞాపికలకీ శాలువాలకీ ఇచ్చే విరాళాన్ని పేటపోలి ఉత్తరాల తెలుగు అనువాదానికి మళ్లించవచ్చు. అనువాదాలు నెల ముందే అందరికీ పంపి, మొదటి రోజు విశ్వవిద్యాలయంలో, రెండో రోజు నిజాంపట్నం రేవులో జాలర్లనీ, చీరాల నేతగాళ్లనీ కూర్చోబెట్టుకుని చర్చ జరపాలి. మరుసటి ఏడు అదే ప్రశ్నతో మళ్లీ కూడాలి. ముందుగా కావలసింది డచ్చి చదవగలిగిన ఇద్దరు ముగ్గురు. ఈ సమావేశంలో అలాంటివారుంటే చర్చా సమయంలో దయచేసి మాట్లాడండి.