ఆడినవాళ్లు మళ్లీ వచ్చే చోటు
(మన సంఘం వార్షికోత్సవ సభలో, హాస్టళ్ల పూర్వ క్రీడాకారిణుల కలయిక సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు మన హాస్టళ్లలో కబడ్డీ, ఖోఖో ఆడి, ఈ రోజు చంకన బిడ్డల్ని వేసుకుని వచ్చిన మా ఆడబిడ్డలకు ప్రత్యేకంగా నమస్కారాలు. ఈ సభ మీది. మేము మీ తరఫున నాలుగు మాటలు చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

ఆట గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. కప్పులు, మెడల్స్ గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. మేము మరో సంగతి చెప్పదలచుకున్నాం. ఆట అయిపోయాక ఆడినవాళ్లు ఏమవుతారు? జట్టు విడిపోయాక వాళ్లు మళ్లీ కలుసుకునే చోటు ఎక్కడుంది? ఈ ప్రశ్నకు చాలా దూరంలో, ఆస్ట్రేలియా దేశపు ఆదివాసులు ఒక జవాబు కనుక్కున్నారు. అది మనకు పనికొస్తుందని మా నమ్మకం.

వాళ్లు కనుక్కున్న జవాబు రగ్బీ లీగ్ అనే ఆటలో ఉంది. మన పిల్లలకు ఈ ఆటను కబడ్డీ పోలికతో చెబితే తొందరగా అర్థమవుతుంది. జట్టుకు 13 మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేతుల్లో పట్టుకుని ఎదుటి జట్టు గీత దాటాలి. బంతిని చేత్తో అందించాలంటే వెనక ఉన్నవాళ్లకే అందించాలి, ముందుకు విసరకూడదు. ఎదుటివాళ్లు పట్టు పట్టి పడేస్తారు. పడినవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి తనవాళ్లకు ఇవ్వాలి. అలా ఆరుసార్లు పట్టు పడేదాకా వాళ్లదే వంతు. ఆ తర్వాత బంతి అవతలివాళ్లకు పోతుంది. కూత ఒక్కటి లేదు కాని దమ్ము, పట్టు, తెగువ అన్నీ మన ఆటలో ఉన్నవే.

ఈ ఆట పుట్టుక కూడా మనం తెలుసుకోదగిందే. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసే కూలీలు రగ్బీ ఆడేవారు. శనివారం ఆడాలంటే ఆ పూట పని మానాలి, కూలి పోతుంది. పోయిన కూలికి పరిహారం ఇవ్వాలని వాళ్ల క్లబ్బులు అడిగాయి. ఆటను చేతిలో పెట్టుకున్న పెద్దమనుషులు ఒప్పుకోలేదు. అప్పుడు 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఇరవైకి పైగా క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. అలా మొదలైన ఆటే తర్వాత నియమాలు మారి రగ్బీ లీగ్ అయింది. 1907–08లో అది ఆస్ట్రేలియాలో నాటుకుంది. అక్కడ కూడా కారణం అలాంటిదే. ఆటలో దెబ్బ తగిలి పనికి పోలేకపోయిన ఆటగాళ్లకు ఆదుకునే దిక్కు లేకపోయింది. పూట కూలి విలువ తెలిసినవాళ్ల ఆట ఇది. పత్తి ఏరే రోజుల్లో బిడ్డను పోటీలకు పంపమంటే తల్లిదండ్రులు ఎందుకు వెనకాడతారో మనకు తెలుసు. అందుకే ఈ కథ మనకు కొత్తగా అనిపించదు.

ఇక సిడ్నీ నగరంలో రెడ్‌ఫెర్న్ అనే పేటకు వద్దాం. పక్కనే రైల్వే వర్క్‌షాపులు, చుట్టూ ఫ్యాక్టరీలు. పల్లెల నుంచి, ప్రభుత్వం పెట్టిన రిజర్వుల నుంచి ఆదివాసులు పని వెతుక్కుంటూ అక్కడికి చేరారు. వాళ్లలో కొందరు 1930లలో ఒక జట్టు కట్టారు. దాని పేరు రెడ్‌ఫెర్న్ ఆల్ బ్లాక్స్. 1944లో అది మళ్లీ గట్టిగా నిలదొక్కుకుంది. ఆదివాసుల రగ్బీ లీగ్ క్లబ్బుల్లో అన్నిటికంటే పాతదిగా దానికి పేరు. జీతాల కోసం ఆడిన జట్టు కాదు. వారమంతా పనిచేసి, సెలవునాడు ఆడుకునేవాళ్ల జట్టు. ఊళ్లో కొత్తగా రైలు దిగినవాడికి తనవాళ్లు ఎక్కడ దొరుకుతారో తెలియాలంటే ఆట మైదానానికి వెళ్తే చాలు. పని ఎక్కడుంది, అద్దెకు గది ఎవరిస్తారు, మేనత్త ఏ వీధిలో ఉంది, అన్నీ అక్కడే తెలిసేవి.

తనవాళ్లను వెతుక్కోవాల్సిన అవసరం వాళ్లకు ఎందుకొచ్చింది? ఇక్కడ హాస్టల్ నడిపే మేము ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. ఆ రాష్ట్రంలో 1883 నుంచి 1969 దాకా ఆదివాసుల మీద అధికారం చేసిన ఒక బోర్డు ఉండేది. అది తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని వేరు చేసి హోముల్లో పెట్టింది. ఆడపిల్లల్ని కూటముండ్రా అనే చోట ఇళ్లలో పనిమనుషులుగా తయారు చేశారు. మగపిల్లల్ని కించెలా అనే చోట ఉంచి, పేర్లకు బదులు నంబర్లతో పిలిచారు. సొంత భాష మాట్లాడనివ్వలేదు, అమ్మానాన్నల్ని చూడనివ్వలేదు. ఆ తరాలను దొంగిలించబడిన తరాలు అంటారు. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధానమంత్రి పార్లమెంటులో నిలబడి ఆ ప్రజలకు క్షమాపణ చెప్పారు.

మన హాస్టళ్లు అలాంటివి కావు. తల్లిదండ్రులే తెచ్చి చేర్పిస్తారు, ఆదివారం వచ్చి చూసుకుంటారు, పండక్కి తీసుకుపోతారు. పిల్లలు గదుల్లో గోండీలోనే గుసగుసలాడుకుంటారు. అయినా బిడ్డను ఇంటి నుంచి తెచ్చి పెంచే ఏ చోటైనా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ బిడ్డను తనవాళ్లకు దగ్గర చేస్తున్నామా, దూరం చేస్తున్నామా? శిక్షణలో మాకు పాఠం చెప్పడం నేర్పారు, హాజరు వేయడం నేర్పారు. ఈ ప్రశ్న మాత్రం పనిలోకి వచ్చాకే ఎదురైంది.

సరే, అక్కడివాళ్లు ఏం చేశారో చూడండి. 1971లో సిడ్నీలో కూరీ యునైటెడ్ అనే జట్టు నడిపేవాళ్లు ఒక ఆలోచన చేశారు. కూరీ అంటే ఆ రాష్ట్రపు ఆదివాసులు తమను తాము పిలుచుకునే మాట. మనవాళ్లలో మంచి ఆటగాళ్లున్నారు, పెద్ద క్లబ్బుల ఎంపికదారుల కంట పడటం లేదు. మనవాళ్లు ఊరూరా చెదిరిపోయి ఉన్నారు, ఒకచోట చేరే రోజు లేదు. ఈ రెండింటికీ ఒకే మందు అనుకుని, పోటీ పెట్టారు. సెయింట్ పీటర్స్ పేటలోని కామ్డెన్‌విల్ మైదానంలో మొదటి పోటీ జరిగింది. అప్పుడు పది జట్లు కూడా లేవు. దాన్నే ఇప్పుడు కూరీ నాకౌట్ అంటారు. ఏటా అక్టోబరు మొదట్లో వచ్చే వరుస సెలవుల్లో జరుగుతుంది. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిపి వందకు పైగా జట్లు వచ్చిన ఏళ్లున్నాయి. కరోనా వల్ల 2020, 2021లో ఆగిపోయి, 2022లో నౌరా పట్టణం దగ్గర 50వ పోటీ జరిగింది.

ఈ పోటీలో మమ్మల్ని ఆకట్టుకున్న నియమాలు రెండున్నాయి.

మొదటిది, మగవాళ్ల పోటీలో గెలిచిన జట్టు మరుసటి ఏడాది పోటీని తన ప్రాంతంలో జరపాలి. కప్పుతో పాటు బాధ్యత కూడా ఇంటికి తీసుకుపోవాలన్నమాట. వచ్చే వేలమందికి నీళ్లు, తిండి, నీడ, మైదానం అన్నీ చూడాలి. అందుకని ఆ సంబరం ఎప్పుడూ ఒకే పట్టణం సొత్తు కాలేదు. దండారి బృందం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతే ఆ ఊరు అతిథుల్ని ఎలా చూసుకుంటుందో, తర్వాత వీళ్లు వాళ్లను ఎలా పిలుస్తారో మనకు తెలుసు కదా. అదే పద్ధతి.

రెండోది నియమం అనడం కంటే అలవాటు అనాలి. అక్కడ జట్టు అంటే ఊరు, జట్టు అంటే కుటుంబం. పెద్ద పెద్ద క్లబ్బుల్లో డబ్బుకు ఆడే ఆటగాళ్లు కూడా ఆ సెలవుల్లో వచ్చి తమ తాతల ఊరి చొక్కా వేసుకుంటారు. అన్నదమ్ముల పిల్లలు, మేనల్లుళ్లు ఒకే జట్టులో ఉంటారు. మైదానం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్న పెద్దవాళ్లలో చాలామంది ఒకప్పటి ఆటగాళ్లే. ఎవరి మనవడు ఎవరిలా పరుగెత్తుతున్నాడో వాళ్లు చెబుతారు. చనిపోయినవాళ్ల పేర్లు చొక్కాల మీదికి వస్తాయి. బోర్డు తెంపిన చుట్టరికాన్ని మైదానం గట్టు మీద మళ్లీ ముడివేసుకున్నారు.

ఇలా చెదిరినవాళ్లను ఒకచోట చేర్చడం మనకు రాదా? కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గోదావరి నుంచి గంగాజలం తేవడానికి కాలినడకన పోతారు. భేటింగ్‌లో కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు. ఆ రోజుతో ఆ అమ్మాయి వంశంలో మనిషి అవుతుంది. దర్బారులో కష్టసుఖాలు అధికారుల ముందు పెడతారు. ఎవరు మనవాళ్లు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని లెక్క చూసుకునే తెలివి మన పెద్దలకు ముందు నుంచీ ఉంది. ఆ తెలివిని మన ఆటకు ఇంకా తేలేదు, అంతే.

ఆటలో మన ఆడపిల్ల సంగతి ఏమవుతోందో మీకు తెలియంది కాదు. ఆరో తరగతిలో మట్టి కోర్టులోకి దిగుతుంది. తొమ్మిదికి వచ్చేసరికి జోనల్ పోటీల్లో రైడర్. పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. ట్రంకు పెట్టె సర్దుకుంటుంది. చేతిలో టీసీ పడుతుంది. ఆ రోజుతో జట్టులో ఆమె పేరు కొట్టేసినట్టే. కప్పు ఆఫీసు బీరువాలో ఉంటుంది, గెలిచిన పిల్ల ఏ ఊళ్లో ఉందో ఏ రిజిస్టర్లోనూ ఉండదు. క్రీడాకోటా ఉద్యోగానికి నోటిఫికేషన్ పడితే ఆమెకు చెప్పేవాళ్లు ఉండరు. తెలిసి పరుగెత్తుకుని వచ్చినా, వానకు తడిసిన సర్టిఫికెట్ పనికిరాదంటారు. ఆమెతో ఆడిన ఆరుగురు సాక్ష్యం చెప్పడానికి సిద్ధమే, కాని ఆ ఆరుగురు ఎక్కడున్నారు? ఒకరు అత్తగారి ఊళ్లో, ఒకరు మహారాష్ట్ర పక్క, ఒకరు కూలి పనికి పట్నంలో.

ఈ సభకు పిలవడానికి మేము, మా సిబ్బంది రెండు నెలలు వెతికాం. ఒకరి ద్వారా ఒకరి ఫోన్ నంబరు పట్టుకున్నాం. సిగ్నల్ లేని గూడేలకు పీఈటీ సార్లు బండి మీద పోయి చెప్పి వచ్చారు. ఒక అత్తగారు, మా కోడలు కబడ్డీ ఆడేదా, మాకు చెప్పనేలేదే అని ఆశ్చర్యపోయింది. ఆ అత్తగారు కూడా ఈ రోజు ముందు వరుసలో కూర్చుని ఉంది. మాకు ఈ సభలో అన్నిటికంటే సంతోషం అదే.

అందుకని సంఘం పెద్దలను మూడు విషయాలు అడుగుతున్నాం.

ఒకటి, ప్రతి హాస్టల్లో ఆటగాళ్ల రిజిస్టరు ఒకటి వేరుగా పెట్టాలి. పేరు, ఇంటిపేరు, తల్లి ఊరు, పెళ్లయ్యాక అత్తగారి ఊరు, ఏ ఏడాది ఏ పోటీ. సర్టిఫికెట్ నకలు, జట్టు ఫొటో అందులోనే ఉండాలి. మా హాస్టల్లో ఈ పని మొదలైంది. వార్డెన్లు బదిలీ అవుతారు, రిజిస్టరు అక్కడే ఉంటుంది.

రెండు, ఏటా ఒక రోజు పూర్వ క్రీడాకారిణుల ఆట జరగాలి. పాతవాళ్లకూ ఇప్పటి పిల్లలకూ మధ్య ఒక సరదా కబడ్డీ. గెలిచిన ఊరివాళ్లు మరుసటి ఏడాది అతిథ్యం ఇవ్వాలి. ఖర్చు పెద్దది కాదు, ఇంటింటి నుంచి జొన్నలు, పప్పు వస్తే పూట గడిచిపోతుంది.

మూడు, పెళ్లయిన ఆడబిడ్డను ఆ రోజు పంపమని అత్తవారింటికి సంఘం తరఫున పెద్దలే వెళ్లి చెప్పాలి. మేము ఫోన్ చేస్తే హాస్టల్ పని అనుకుంటారు. పటేల్ వచ్చి చెబితే అది ఊరి మాట అవుతుంది.

ఇక మా పిల్లలకు ఒక మాట. ఇప్పుడు హాస్టల్లో ఉన్న మీరు వెనక వరుసలో కూర్చుని ఈ అక్కలను చూస్తున్నారు. చీర కొంగు నడుముకు దోపుకుని పొద్దున వాళ్లు కోర్టులోకి దిగితే మీరు నవ్వారు. రెండు నిమిషాల్లో మీ రైడర్‌ను ఆ అక్క చీలమండ పట్టి ఆపింది, నవ్వు ఆగిపోయింది. ఆ పట్టు ఎలా పట్టాలో సభ అయ్యాక అడిగి నేర్చుకోండి. వాళ్ల పేర్లు, ఊళ్లు మీ నోటుబుక్కుల్లో రాసుకోండి. రేపు మీరు టీసీ తీసుకుని వెళ్లినా ఈ జట్టులో మీ పేరు ఉంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రిజిస్టరు బల్ల మీద పెడతాం. వచ్చిన ప్రతి క్రీడాకారిణి తన వివరాలు రాసి, పక్కన తనతో ఆడి ఈ రోజు రాలేకపోయిన ఒకరి పేరు కూడా రాయమని కోరుతున్నాం. రాని వాళ్లను వచ్చే ఏడాదికి వెతికి తెచ్చే పని మేము చూసుకుంటాం.