సంఘమునకు కెమెరా: ఎట్టిది కొనవలెను?

(సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘమునకు మంచి కెమెరా యొకటి కొనవలెనని సభ్యులు కోరియున్నారు. ఉగాది ఉత్సవమున వేదిక మీదివారిని దూరమునుండి తీయుటకు పెద్ద జూము లెన్సు కావలెనని యువకులు, పెండ్లిండ్లకు అద్దెకిచ్చి నిధి పెంచవచ్చునని మరికొందరు, ఫోనులుండగా కెమెరా యెందులకని ఇంకను కొందరు అనుచున్నారు. సొమ్ము సంఘముది. కావున నిర్ణయమునకు ముందు మేము విచారించి తెలిసికొన్న విషయములు మీ ముందుంచుచున్నాము.

ఏ సరకు కొనుటకైనను మొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఇది దేనికి? ఉత్సవములకు మాత్రమే అయినచో ఫోనులు చాలును. కాని మనకు వేరొక పని కలదు. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్ర గ్రంథములు నేటికిని భద్రముగా నున్నవి. వానికి రాజులు ఆశ్రయమిచ్చిరి. మన ఇండ్లలో అటకల మీద, ట్రంకుపెట్టెలలో ఉన్న చిట్టా ఆవర్జాలకు, క్రయ దస్తావేజులకు, తాతల జాబులకు, పాత శుభలేఖలకు ఆశ్రయమిచ్చువారెవరు? చెదలును చెమ్మయును వానిని తినుచున్నవి. 2006లో తమిళనాట తమిళ అభ్యసన చట్టము వచ్చిన తరువాత బడిలో తెలుగు చదువు పిల్లలకు మరింత దూరమైనది. తాత వ్రాతను మనుమడు చదువలేకున్నాడు. చదువలేని కాగితము ఇల్లు మారునాడు తూకమునకు పోవుట సహజము. నేడు చదువకపోయినను రేపు చదువగోరు బిడ్డ కొరకు వానిని చిత్రించి ఉంచుటయే ఈ కెమెరాకు మొదటి పని కావలెనని మా అభిప్రాయము. రెండవది పెద్దల ముఖములను, మూడవది మన పాత ఇండ్లను, గుళ్ళను చిత్రించుట.

డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. అనగా, లెన్సు ద్వారా వచ్చు వెలుతురును లోపలి అద్దము పైకి మరలించి మన కంటికి చూపు కెమెరా. మీట నొక్కగనే అద్దము పైకి లేచి, వెలుతురు వెనుకనున్న సెన్సారు పలక మీద పడును. లెన్సును విప్పి వేరొకటి తగిలింపవచ్చును. 2018 నుండి నికాన్, కెనాన్ సంస్థలు అద్దము లేని కెమెరాల వైపు తమ దృష్టిని మరలించినవి. అందువలన మంచి ఎస్.ఎల్.ఆర్.లు వాడినవి చౌకగా దొరకుచున్నవి. కాగితమును చిత్రించుటకు ఇవి యేమాత్రము తక్కువ కావు.

ఇక మెగాపిక్సెలుల మాట. 24 మెగాపిక్సెలుల చిత్రమునకు పొడవున 6,000 చుక్కలుండును. 14 అంగుళముల దస్తావేజును ఆ పొడవున నింపినచో అంగుళమునకు 428 చుక్కలు వచ్చును. పుస్తకముల అచ్చునకు సాధారణముగా కోరునది 300. కనుక అంతకు మించినదానికి సొమ్ము పోయనక్కరలేదు. సెన్సారు కూడ 36 × 24 మి.మీ. గల పెద్దదే కానక్కరలేదు. సుమారు 23 × 15 మి.మీ. గల చిన్నదియు మన పనికి చాలును.

సొమ్ము పెట్టవలసినది లెన్సులకు. బాడీ కొన్నేండ్లకు పాతబడును, లెన్సు నిలుచును. మనకు మూడు లెన్సులు చాలును.

మొదటిది 60 మి.మీ. మాక్రో. దగ్గరి వస్తువులకై చేయబడినది గనుక కాగితపు అంచులు వంగవు, మూలల అక్షరములు కూడ తేటగా వచ్చును. చిన్న సెన్సారు గల కెమెరాతో సుమారు మూడడుగుల ఎత్తునుండి పూర్తి దస్తావేజును పట్టును, దగ్గరకు జరిపినచో ముద్రలోని గీతలను గూడ చూపును.

రెండవది 50 మి.మీ., ఎఫ్ 1.8 గలది. వెల స్వల్పము. మామూలు లెన్సు ఎఫ్ 5.6 వద్ద రానిచ్చు వెలుతురుకంటె ఇది తొమ్మిది రెట్లకు పైగా రానిచ్చును. చీకటి నడవలో కిటికీ ప్రక్కన కూర్చున్న అవ్వను ఫ్లాషు లేకయే తీయవచ్చును. చిన్న సెన్సారు మీద ఇది 75 లేక 80 మి.మీ. లెన్సువలె పనిచేయును గనుక ముఖములకు మిక్కిలి అనువు.

మూడవది బాడీతో తరచుగా వచ్చు 18–55. ఇండ్లకు, గుళ్ళకు, కుటుంబ సమూహములకు అది చాలును. పెద్ద జూమును ఇప్పటికి విడువవచ్చును.

వాడినవి కొనునప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరము. నికాన్ లెన్సు మూతి 1959 నాటిది, కెనాన్ వారి ఇ.ఎఫ్. మూతి 1987 నాటిది. ఆ కాలములనుండి వచ్చిన లెన్సులు బజారులో విస్తారము. అయితే నికాన్ 3000, 5000 వరుసల బాడీలలో ఫోకసు మోటారు లేదు. ఏ.ఎఫ్.–డి. లెన్సు వానికి తగిలింపవచ్చును గాని తనంతట ఫోకసు చేయదు; వానికి ఏ.ఎఫ్.–ఎస్. రకము కొనవలెను. కెనాన్ ఇ.ఎఫ్.–ఎస్. లెన్సులు పెద్ద సెన్సారు బాడీలకు సరిపడవు. కొనుటకు ముందు లెన్సులోనికి టార్చి వేసి చూడవలెను. సాలెగూడు వంటి తీగలు కనబడినచో అది బూజు, వదలివేయవలెను. బాడీ షట్టరు ఎన్నిమార్లు కొట్టినదో అడిగి తెలిసికొనవలెను. తెచ్చిన పిదప గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచవలెను. సముద్రతీరపు ఊళ్ళలో ఇది మరింత ముఖ్యము.

లెన్సు ఎంత మంచిదైనను చేయి వణకినచో అక్షరము చెదరును. కావున గట్టి ముక్కాలి స్టాండును, రెండు దీపములను లెక్కలో చేర్చవలెను. దీపములు కాగితమునకు ఇరువైపుల ఏటవాలుగా నుండవలెను, ఫ్లాషు వాడరాదు. రాగిరేకు మీది చెక్కుడు అక్షరములకు మాత్రము ఒక ప్రక్కనుండియే వెలుతురు పడవలెను. అప్పుడు గాడి నీడయై అక్షరము తేలును. రెండు సెకనుల టైమరు పెట్టినచో వ్రేలి అదురు తగులదు. ప్రతి చిత్రమున ఒక కొలబద్దను, కుటుంబము పేరు, ఊరు, తేదీ వ్రాసిన చీటిని ఉంచవలెను. చీటి లేని చిత్రము కొన్నేండ్లకు ఎవరిదో తెలియని కాగితమగును. ప్రతి చిత్రమునకు మూడు ప్రతులుండవలెను: ఒకటి కుటుంబమునకు, ఒకటి సంఘమునకు, ఒకటి వేరొక ఊరిలో.

ఇక నియమము. కాగితములు ఇల్లు దాటరాదు. కెమెరాయే ఇంటికి పోవలెను. యజమాని కన్నులయెదుట చిత్రించి, అప్పుడే ఆయన చేతికీయవలెను. ఆయన అనుమతి లేక ఏ చిత్రమును ఇతరులకు చూపరాదు. దస్తావేజులలో ఆస్తుల సంగతులుండును గనుక ఈ మాట నొక్కి చెప్పుచున్నాము. ఈ నమ్మకము చెడినచో ఏ ఇంటివారును మరల పెట్టె తెరువరు.

మా సూచన ఇది: ఉన్న సొమ్మును మూడు పాళ్ళు చేసి ఒక పాలు బాడీకి, రెండు పాళ్ళు లెన్సులకు, స్టాండునకు, దీపములకు వినియోగింపవలెను. ఫోటో పని తెలిసిన యువకులిద్దరిని, తెలుగు చేవ్రాత చదువగల పెద్దల నిద్దరిని జతపరుపవలెను. కాగితము పట్టుకొని పెద్దలు చదువుచుండగా పిల్లలు చిత్రింతురు. ఆ విధముగా కొంత లిపియు వారికి అబ్బును.

కెమెరా ఎప్పుడైనను కొనవచ్చును, వెల కూడ తగ్గవచ్చును. కాని చెదలు మన తీర్మానము కొరకు ఆగవు. పెద్దలందరు ఈ వారమే తమ ఇంటి పెట్టె దించి చూచి, అందేమున్నదో కార్యదర్శికి తెలుపవలెనని ప్రార్థించుచున్నాము. ఆ జాబితాను బట్టియే లెన్సు కొందము.