జరిగి ఉండాలి – జరిగి ఉండవచ్చు



కంటితో చూడని గతాన్ని గురించి ఎంత గట్టిగా మాట్లాడవచ్చు? ఆంగ్ల వ్యాకరణంలోని మస్ట్ హావ్, మే హావ్, కాంట్ హావ్ ప్రయోగాలు నేర్పేది ఈ వివేకాన్నే. వీటికి ఉదాహరణలు వెదకడానికి అల్లపల్లి విద్యార్థి దూరదేశాలకు పోనక్కరలేదు.

ఇక్కడి నుండి దక్షిణంగా సాగే దారి సిరొంచ చేరుతుంది. ఆ తాలూకాలోని పోచంపల్లి సమీపాన 1958 నుండి 1961 వరకు జరిగిన త్రవ్వకాలలో సుమారు 300 డైనోసారు ఎముకలు బయటపడ్డాయి. తొడ ఎముక ఒక్కటే సుమారు 1.7 మీటర్ల పొడవు. 1975లో ఆ జంతువుకు బారాపాసారస్ టాగోరీ అని నామకరణం జరిగింది. మొదటి మాటకు వంగభాషలోని 'పెద్ద కాలు' మూలం. రెండవది రవీంద్రుని గౌరవార్థం. కూర్చి నిలిపిన అస్థిపంజరం కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ మ్యూజియంలో ఉంది.

ఆ జీవి సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది. చూసినవారు లేరు, సాక్ష్యం మాత్రం ఉంది. దంతాలు గరిటె ఆకారంలో ఉన్నాయి. కనుక "ఇట్ మస్ట్ హావ్ ఈటెన్ ప్లాంట్స్" – అది మొక్కలను తిని ఉండాలి. "ఇట్ కాంట్ హావ్ బీన్ ఎ హంటర్" – అది వేటజంతువు అయి ఉండదు. ఒకే చోట కనీసం ఆరు జంతువుల ఎముకలు, వాటితోపాటు పెద్ద చెట్ల మ్రానులు దొరికాయి. "ఎ ఫ్లడ్ మే హావ్ కిల్డ్ దెమ్" – వరద వాటిని పొట్టన పెట్టుకొని ఉండవచ్చు. పుర్రె ఒక్కటీ దొరకలేదు. అదీ ప్రవాహంలో పోయి ఉండవచ్చు. సాక్ష్యం ఎంత బలమో మాట అంత బలం.

రూపం కష్టమైనది కాదు. తెలుగులో 'వచ్చి' అనే భాగం గతాన్ని, 'ఉండాలి' అనే భాగం ఊహను తెలుపుతాయి. మరాఠీ 'ఆలా అసావా', 'ఆలా అసేల్' కూడా ఇటువంటివే. ఆంగ్లంలో ఊహను 'మస్ట్', గతాన్ని 'హావ్' మోస్తాయి; వెనుక క్రియ మూడవ రూపం రావాలి. 'మస్ట్ కేమ్' తప్పు; 'మస్ట్ హావ్ కమ్' ఒప్పు. 'వచ్చి ఉండకూడదు' అంటే తెలుగులో ఆక్షేపణ. 'వచ్చి ఉండడు' అంటేనే ఊహ. అందుకే అక్కడ ఆంగ్ల పాఠం 'కాంట్ హావ్' వాడమంటుంది.

ఈ పాఠం పరీక్షతో ముగియదు. వర్షాకాలంలో ఒక బాలుడు రెండు రోజులు బడికి రాలేదనుకుందాం. "ఎగ్గొట్టి ఉండాలి" అని ఉపాధ్యాయుడు తేల్చవచ్చు. కాని వాగు పొంగి ఉండవచ్చు, తల్లికి జ్వరం వచ్చి ఉండవచ్చు. తరగతి ఎదుట పడిన నింద ఆ పసిమనసులో ఏళ్ల తరబడి నిలుస్తుంది. నిజం తెలిసిన నాడు ఆ ఉపాధ్యాయునికి మిగిలేది 'షుడ్ హావ్' ఒక్కటే – ముందుగా అడిగి ఉండవలసింది.

పుర్రె దొరకని చోట శాస్త్రవేత్తలు 'ఉండవచ్చు' వద్దనే ఆగారు. ఇంటా బడిలోనూ పెద్దలు ఆ నిగ్రహం పాటిస్తే పిల్లలకు వ్యాకరణంతోపాటు న్యాయమూ అలవడుతుంది. ఈ ప్లాటినం ఉత్సవ వేళ పాఠశాల ఆ రెంటినీ నేర్పుతూ వర్ధిల్లుగాక.