విడదీయలేని సంఖ్య



చూడగానే ప్రధాన సంఖ్యలా కనిపించే 91ని తీసుకోండి. 2 యొక్క 90వ ఘాతాన్ని 91తో భాగిస్తే శేషం 64. ప్రధాన సంఖ్యే అయితే ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 1 రావాలి. అంటే 7, 13 అనే కారణాంకాలు తెలియకుండానే 91 సంయుక్త సంఖ్య అని తేలిపోయింది.

వందల అంకెల సంఖ్యకైనా ఇలా తేల్చడం సులువే, విడదీయడమే కష్టం. ఈ తేడానే 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ తాళంగా మలిచారు. వాళ్ల 129 అంకెల సంఖ్య 1994లో గాని విడిపోలేదు. 2020లో 250 అంకెలది విడిపోయింది. నేడు బాగా వాడుకలో ఉన్న తాళానికి 617 అంకెలు. బ్యాంకులకు డిజిటల్ సర్టిఫికెట్లిచ్చే ఐడీఆర్‌బీటీ మన మాసబ్‌ట్యాంక్‌లోనే ఉంది.

అయితే విడదీయడం నిజంగా కష్టమని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. పైగా క్వాంటం కంప్యూటర్‌కు అది తేలికేనని 1994లోనే పీటర్ షోర్ చూపారు. అందుకే 2024లో అమెరికా కొత్త తాళాలకు ప్రమాణాలు ప్రకటించింది. పాతవాటిని మార్చే పని నిజాంపేట నుంచి రోజూ హైటెక్ సిటీకి వెళ్లే మన పిల్లల చేతుల్లోనూ ఉంది.

గురువులకు ఒక్క మనవి. కారణాంకాలు కనుక్కోమనడంతోపాటు, కనుక్కోవడం ఎందుకంత కష్టమో కూడా తరగతిలో అడగండి.