ఇంటిలోని వైఫై మందగించుట

శంషాబాదులో మాకొక బంధుగృహము కలదు. 2008వ సంవత్సరము మార్చి మాసమున నచట విమానాశ్రయము తెఱవబడినది మొదలు, చేలుండిన చోట్ల మేడలు లేచినవి. ఆ యింటి పెద్దకుమారుడు దుబాయిలో నున్నాడు. మనుమరాలు పరీక్షలకు చదువుచున్నది. ఇంటికంతకు నొక్కటే ఇంటర్నెట్టు. ప్రొద్దు గూకగానే కుమారుని ముఖము తెరపై బొమ్మవలె నిలిచిపోవును; మనుమరాలి పాఠము నడుమ నాగును. తప్పు నీదనగా నీదని వాదులు. పెద్దాయన విసిగి హెచ్చు వేగపు చందాకు మాఱబోగా, ఒక్క దినము తాళుడంటిని.

మొదట లాప్‌టాపును తీగతో రౌటరునకు తగిలించి వేగము కొలిచితిమి. చందా మేరకు వచ్చెను. అనగా లోపము వెలుపలి తీగయందు కాక, ఇంటిలోనే యున్నది. ఇది చూడక చందా పెంచుట, తూము పూడియుండగా చెఱువుకట్ట నెత్తు చేయుట వంటిది.

రౌటరు ముందుగదిలో, ఇనుప బీరువా ప్రక్కన, నేలపై నుండెను! లోగదికి నడుమ రెండు రాతిగోడలు. 2.4 గిగాహెర్ట్జుల తరంగము సుమారు 12 సెంటీమీటర్ల పొడవు గలది. గోడలను కొంత దాటును. 5 గిగాహెర్ట్జులది అందులో సగము. వేగము హెచ్చు, గోడ దాటు శక్తి తక్కువ. ఇనుము రెండింటిని అడ్డును. పెట్టెను నడిమింట, తలయెత్తున నుంచితిమి. సగము బాధ అంతటితో తీఱెను.

తక్కినది వంతుల చిక్కు. నీరటి తూమునీటిని వంతులు వేసినట్లు, ఒక పరికరము పలుకునపుడు తక్కినవి యూరకుండవలెను. దూరమున మెల్లగా పలుకు పాతఫోను, స్వల్ప సమాచారమునకే చాలసేపు వంతు పట్టుకొనును. టీవీని తీగకు మార్చితిమి. పొరుగిండ్ల రౌటరులును ఆ గాలిలోనివే. 2.4లో నొకదానితో నొకటి రాచుకొనని మార్గములు 1, 6, 11 అను మూడే. పొరుగువారు 6లో నుండగా మేము 11కు పోతిమి.

5లో మార్గములు పెక్కు. 2018లో భారత ప్రభుత్వము లైసెన్సు లేకుండ వాడుకొనుటకు వానిని విస్తరించినది. అయితే 52 మొదలు 144 వఱకు గల మార్గములను రాడారులును వాడుకొనును. రాడారు పలుకు వినబడెనని తోచినచో పెక్కు రౌటరులు ఆ మార్గమును విడిచిపోవును. ఆ క్షణమున మాట తెగును. విమానాశ్రయము చేరువవారు, మాట తఱచు తెగుచున్నచో, 36 మొదలు 48 వఱకు గలవానిలో నొకదానిని పెట్టి చూడవలెను.

లోగదికి రిపీటరు నొకదానిని తెచ్చిరి. దానిని లోగదిలోనే పెట్టబోగా వారించితిని. అలలందని చోట నది దేనిని విని తిరిగి పలుకును? గుమ్మము కివతల నుంచితిమి. ఆ రాత్రి దుబాయి మాట తెగలేదు.